గోడ తట్టి ఎంచుకున్న ఆఫీసు

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, ఆగలేకపోతున్నాను. నాకు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే, నెలజీతం అందుకోబోయే మొదటి మనిషినీ నేనే. మోటారు పంపులు అమ్మే కంపెనీ. రైతులు ఫోన్ చేసి మోటారు తిరగట్లేదంటే, ఎందుకు తిరగట్లేదో తెలుగులో మాట్లాడి కనుక్కోవాలి. ఆఫీసు పుణెలో ఉంది. నేను మాత్రం చిక్కడపల్లిలోనే ఉండి పనిచేయొచ్చు.

ఒకటే షరతు, మాట్లాడేచోట చప్పుడు ఉండకూడదు. మావి పిండి గిర్ని వెనక రెండు గదులు. గోడకు అటు గిర్ని, ఇటు మేము. బుధవారం ట్రయల్ కాల్‌లో టీమ్ లీడ్ మేడమ్ రెండు నిమిషాలు విన్నది. సోమవారం పదకొండింటికి మళ్లీ చేస్తానని, అప్పుడూ ఇదే చప్పుడుంటే నన్ను తర్వాతి బ్యాచ్‌లో వేయాల్సి వస్తుందని చెప్పింది. ఆ బ్యాచ్ ఎప్పుడని అడిగితే తనకూ తెలియదంది. గిర్ని ఆపమని అడగలేం కదా, మా జొన్నలు పట్టించుకునేదీ అక్కడే.

గురువారం అశోక్‌నగర్ అంతా తిరిగాను. కూర్చుని పనిచేసుకునే చోటు కావాలని ఎవరిని అడిగినా రీడింగ్ హాల్‌కే దారి చూపించారు. కుర్చీ, ఏసీ, ప్లగ్గు, వైఫై అన్నీ ఉన్నాయి. ఇంకేం కావాలనుకున్నాను. కౌంటర్ దగ్గర పెద్దాయన గ్రూప్సా, బ్యాంకా అని అడిగాడు. ఉద్యోగం వచ్చిందని చెబితే పెన్ను కింద పెట్టాడు.

"జాబ్ వచ్చినంక ఈడికెందుకు వచ్చినవమ్మా? జాబ్ వచ్చినోళ్లు మళ్ల మాకు కనవడనే కనవడరు."

అయినా ఒకరోజుకు కూర్చోనిచ్చాడు. హెడ్‌సెట్ పెట్టుకుని, ప్రాక్టీసు కోసం, "నమస్తే, మీ మోటారు ఎన్ని హెచ్‌పీ అండి?" అన్నానో లేదో, హాల్లో తలలన్నీ లేచాయి. పక్క సీటు అమ్మాయి చీటీ రాసి జరిపింది: 'అక్కా, ఆదివారం ఎగ్జామ్ ఉంది.' సిగ్గుతో మెట్ల మీదికి వచ్చేశాను. ఆ అమ్మాయీ వెనకే వచ్చింది. తిట్టడానికేమో అనుకున్నాను. ఆ జాబ్ ఎట్లా వచ్చిందో పావుగంట అడిగి తెలుసుకుంది. నాకు కావలసిన దాన్ని కోవర్కింగ్ స్పేస్ అంటారని, నారాయణగూడలో ఒకటి ఉందని చెప్పింది కూడా ఆమెనే.

శుక్రవారం అక్కడికి నాయినను తీసుకుని వెళ్లాను. నాయిన మేస్త్రీ. పాలమూరు నుంచి వచ్చినప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల గోడలు కడుతూనే ఉన్నాడు. పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. అద్దాల తలుపు ముందు చెప్పులు విడిచాడు. ఆయన విడిచాక నేనూ విడిచాను. మేనేజర్ మా కాళ్ల వైపు చూసి, తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నాడు.

లోపల ఫోన్ మాట్లాడుకోవడానికే ఒక చిన్న గది ఉంది. ముందు అద్దం, లోపల మెత్తటి కుర్చీ, పక్కనే కాఫీ మెషీన్. నాకు ప్రాణం లేచి వచ్చింది. నాయిన మాత్రం వేళ్లు మడిచి పక్క గోడ మీద కొట్టాడు. డొల్లగా మోగింది.

"ఇది గోడ గాదు బిడ్డా, అట్ట."

లోపలి మాట బయటికి పోదని మేనేజర్ అన్నాడు. నాయిన జర ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. పక్క గదిలో ఎవరో కడుపునొప్పిగా ఉంది, రేపు రాలేనని తన సార్‌కు చెబుతున్నాడు. ఆ ఫోన్ పెట్టేసి వెంటనే ఇంకో ఫోన్ చేసి, పొద్దున్నే బస్సెక్కుతున్నా, బావమరిది పెళ్లిలో మటన్ ఉంచమన్నాడు.

"కడుపునొప్పి మంచిగనే తగ్గింది సార్," అన్నాడు నాయిన మేనేజర్‌తో.

బయటికొచ్చాక నాకు ఏడుపొక్కటే తక్కువ. మధ్యలో రెండు రోజులే మిగిలాయి. నాయిన బర్కత్‌పుర వైపు సందుల్లోకి నడిచాడు. వానకు కారుతుంటే తాను పైకప్పుకు గచ్చు చేసిన పాత ఇల్లొకటి ఉందని, దాని గోడ మూరెడు మందమని చెప్పాడు. వెళ్లి చూస్తే గేటుకు కోవర్కింగ్ అని బోర్డు ఉంది. ఆ ఇంటి కోడలు ముందు గదుల్లో బల్లలు వేసి కిరాయికి ఇస్తోంది. నాయిన పైకప్పు చూపించి చెప్పాక గుర్తుపట్టింది. అక్కడా అందరూ కలిసి కూర్చునే గదులే. వెనక పాత సామాన్ల గది ఒకటి ఉంది, అందులో విరిగిన కుర్చీలు. నాయిన ఆ గోడ మీద కొట్టి వేళ్లు విదిలించుకున్నాడు. చప్పుడే రాలేదు.

"ఇది గోడ."

ఆ గది ఇవ్వనని ఆమె చెప్పింది. తానే ఖాళీచేసి సున్నం వేస్తానని, చూశాక నచ్చితేనే ఇవ్వమని నాయిన ఒప్పించాడు. శనివారం అమ్మ కూడా వచ్చి బండలు కడిగింది. ఆదివారం బల్ల వేసుకుని, తలుపు మూసి, లాప్‌టాప్ తెరిచాను. నెట్ లేదు. ఫోన్‌లో సిగ్నలూ లేదు. మూరెడు గోడ చప్పుడుతోపాటు వైఫైని కూడా బయటే నిలబెట్టింది. తలుపు తీస్తే నెట్ వస్తోంది, దాంతోపాటు ముందు గదుల మాటలన్నీ వస్తున్నాయి.

నోరు జారాను. "నీ గోడనే నా నోరు మూసింది నాయినా."

ఆయన గోడకు అటూ ఇటూ మూర వేసి చూసుకున్నాడు. సోమవారం పొద్దున సుత్తి, శానం పట్టుకుని నాకంటే ముందే గేటు దగ్గర ఉన్నాడు. ఇంటామె అడ్డం నిలబడింది, అది వాళ్ల మామగారు కట్టించిన గోడట.

"చిటికెన వేలంత బొక్కనే అమ్మా, నెట్ వైరు పోయేటంత. పైన గచ్చు చేసిన, కారుతున్నదా? ఇది గూడ గట్లనే చేస్త."

ఆమె పక్కకు జరిగాక ఎనిమిదికి మొదలుపెట్టాడు. రాయి, సున్నం కలిపి కట్టిన గోడ, దెబ్బకు చిటికెడు పొడి రాలేది. పదిన్నరకూ అవతలికి తేలలేదు. ఇంటామె చేతులు కట్టుకుని గడియారం చూస్తోంది, నేను ఆమెను చూస్తున్నాను. పది నలభైకి గోడలోంచి వెలుతురు పడింది. ఆయన వైరు తోశాడు, నేను ఇవతల లాగాను. చుట్టూ తడిగుడ్డ కుక్కి తలుపు మూశాడు. నెట్ వచ్చేసరికి పదకొండుకు ఐదు నిమిషాలే మిగిలాయి.

మేడమ్ లైన్లో ఉండి వింటోంది. మొదటి కాల్ పాలమూరు దిక్కు రైతుది. మోటారు గుంయ్‌మంటోంది కానీ తిరగట్లేదన్నాడు. నేను కండెన్సర్ చూడమన్నాను. "మా దిక్కు పిల్లవే ఉన్నట్టున్నవు," అని నవ్వాడు. ఇంకో మూడు కాల్స్ అయ్యాయి. చప్పుడు గురించి మేడమ్ ఒక్క ముక్క అనలేదు. రేపటి నుంచి పదింటికి లాగిన్ అవమంది.

తలుపు తీస్తే నాయిన బొక్క చుట్టూ సిమెంటు నున్నగా దిద్దుతున్నాడు. రేపటి నుంచి డ్యూటీ అని చెప్పాను.

"నాది గూడ," అన్నాడు. ముందు గదులకూ ఇట్లాగే వైర్లు తీయమని ఇంటామె పని ఒప్పజెప్పిందట.

ఇప్పుడు వారం నుంచి ఇద్దరిదీ ఒకే ఆఫీసు. నాకు బ్రేక్ రాగానే తలుపు తీసి చెయ్యి ఊపుతాను, సుత్తి మొదలవుతుంది. పదిహేను నిమిషాలకు మళ్లీ ఊపుతాను, బొక్క ఎంతవరకు వచ్చినా అక్కడే ఆగిపోతుంది. మిగతా టైమంతా నాయిన మెట్ల మీద కూర్చుని, వచ్చిపోయేవాళ్లను మెల్లగా మాట్లాడమంటూ చాయ్ తాగుతాడు. ఇంత సుఖమైన మేస్త్రీ పని పట్నంలో ఇదివరకు దొరకలేదని అమ్మతో చెప్పాడట.