ద్వాలి రాసిన అభిప్రాయాలు

2009 నవంబరులో నన్ను జనగామ నుంచి బదిలీ చేసి, తొర్రూరు–నెల్లికుదురు దారిలో ఒక శాఖా గ్రంథాలయానికి వేశారు. హోదా మూడో గ్రేడు గ్రంథపాలకుడు. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో తప్పు నాది, మధ్యలో ఊరిని లాగడం ఎందుకు?

శాఖా గ్రంథాలయమంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు గదులు, ఆరు బీరువాలు, పేపర్లు పరిచే పొడుగాటి బల్ల, నేను. తాళం తీసేదీ, ఊడ్చేదీ, పుస్తకం వెనక అంటించిన గడువు చీటీ మీద తారీఖు ముద్ర వేసేదీ నేనే. ఐదు రిజిస్టర్లు ఉండేవి. నాలుగు నేను రాయాలి, ఐదోది పాఠకులు రాయాలి. దాని పేరు అభిప్రాయాల రిజిస్టరు. తనిఖీకి వచ్చిన అధికారి మొదట అడిగేది దాన్నే. "గ్రంథాలయం చాలా బాగున్నది. గ్రంథపాలకుని సేవలు ప్రశంసనీయం" అని ఉంటుంది, కింద ఒక సంతకం. దాని కింద మళ్లీ అదే వాక్యం, ఇంకో సంతకం. నా సర్వీసు మొదట్నుంచీ అదే చూశాను. అందులో పుస్తకాల గురించి రాయవచ్చని నాకే తోచలేదు.

ద్వాలికి తోచింది. ఆమె బస్సు కండక్టరు. పక్క తండా మనిషి, ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తొర్రూరు నుంచి మహబూబాబాద్, అదే మా మానుకోట, పోయే ఆమె బస్సు మధ్యాహ్నం మా ఊళ్లో అరగంట ఆగేది. డ్రైవరు హోటల్లో తినేవాడు. ఆమె టిఫిన్ డబ్బా ఖాళీ చేసుకుని, ఖాకీ చొక్కాతోనే రోడ్డు దాటి వచ్చేది. ఏ పుస్తకమైనా ఒకటే ఆమెకు. బీరువాలో చేతికి అందింది తీసుకుపోయేది.

మొదటిసారి పుస్తకం తిరిగి ఇచ్చిన రోజు, సంతకం పెట్టమని అలవాటుగా ఐదో రిజిస్టరు ముందుకు తోశాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని రాసింది. పోయినాక చూశాను. అది పొద్దున్నే లేచి జీవితంలో పైకి రమ్మని చెప్పే పుస్తకం. "పొద్దుగాల ఐదింటికి లేవమంటడు. నాకు నాలుగున్నరకే డ్యూటీ" అని ఉంది. అంతే.

అప్పట్నుంచి రిజిస్టరు రంగు మారింది. ఒక చారిత్రక నవలకు: "రాజు గుర్రం ఎక్కేటాల్లకు నలభై పేజీలు. మా డ్రైవరైతే గింతల ఖమ్మం పోయొస్తుండె." అపరాధ పరిశోధనకు: "సంపినోడెవడో ముందే తెలిసింది. అయినా చదివిన. మంచిగ రాసిండు." వంటల పుస్తకానికి: "రెండు చెంచాల నూనె అని రాసిండ్రు. ఎవరింటి చెంచా?" కవితల పుస్తకానికి: "సమజ్ కాలే. రెండోసారి చదివినా కాలే. తప్పు నాదే అనుకోబుద్ధి కాలే."

నేను లైబ్రరీ సైన్సు చదివినవాణ్ణి. సమీక్షలు కోసి ఫైలు చేసినవాణ్ణి. వాటిలో ఒక్కటీ నాకు గుర్తు లేదు. ద్వాలి వాక్యాలు కామాలతో సహా గుర్తున్నాయి. నిజానికి ఆమె కామాలు పెట్టేది కాదు. మధ్యాహ్నం బస్సు హారను వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి వాకిలి వైపు చూసేవాణ్ణి. ముప్పయ్యేళ్ల నౌకరీలో పాఠకుడి కోసం అట్లా ఎదురుచూసింది అప్పుడే.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బస్టాండు పక్కన దీక్షా శిబిరం వెలిసింది. భోజన విరామంలో నేనూ పోయి కూర్చునేవాణ్ణి. ఒకరోజు మైకు ఇస్తే మాట్లాడాను కూడా. మన మాటను కథల్లోనూ సినిమాల్లోనూ నవ్వులపాలు చేశారు, మన మాట మనమే రాసుకోవాలె, మనమే దాచుకోవాలె అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ వారమే తనిఖీ ఉందని కబురొచ్చింది. రిజిస్టర్లు సర్దుతూ ఐదోది తెరిచాను. ద్వాలి చివరిసారి ఒక పేరున్న నవల గురించి రాసింది. "ఈ నవలల మనలెక్క మాట్లాడేటోడు ఒక్కడే. వాడు గేటుకాడ కావలోడు. మూడు వందల పేజీలల్ల వానికి పేరు పెట్టనీకె రాసినాయనకు తీరలే. మా తండా మాట మాట్లాడేటోళ్లు కావలికి గూడ పనికి రాలే."

నేను మైకులో పావుగంట చెప్పింది ఆమె నాలుగు ముక్కల్లో రాసింది. అయినా నాకు చెమట పట్టింది. ప్రభుత్వ రికార్డులో ఉద్యమం మాటలా? అధికారి ఏమంటాడు? సంజాయిషీ మెమో ఇస్తే? నన్నెవరూ బెదిరించలేదని ఒప్పుకోవాలి. భయం నాకు నేనే తెచ్చిపెట్టుకున్నాను. కొత్త రిజిస్టరు తెరిచి, రోజూ పేపరు కోసం వచ్చే ఇద్దరు విశ్రాంత పంతుళ్లచేత పాత తారీఖులు వేయించి నాలుగు మంచి మాటలు రాయించాను. పాతదాన్ని పాత పేపర్ల కట్టలో పెట్టి కిరాణా శెట్టికి తూకానికి వేశాను. అధికారి వచ్చాడు, ఐదో రిజిస్టరు తెరవకుండానే "చూశాను" అని సంతకం పెట్టి టీ తాగి పోయాడు.

నాలుగు రోజులకు ద్వాలి వచ్చింది. పుస్తకం కోసం కాదు, పాత రిజిస్టరు కావాలంది. ఏడాది కింద ఒక నవల గురించి రాసిన మాట దిద్దుకోవాలట. ఆ నవల చివర్లో ఒకావిడ ఎవరితోనూ ఏమీ చెప్పకుండా ఇల్లు వదిలిపోతుంది. "ఒక్క మాట గూడ అనకుంట ఎవలన్న పోతరా? అబద్ధం" అని ద్వాలి అప్పుడు రాసింది.

"మొన్న బస్సుల ఒకామె ఎక్కింది సార్" అంది. "ఏడికి టికెట్ అంటే ఏడికన్న ఇయ్యమన్నది. మానుకోట దాక నోరిప్పలే. గట్ల గూడ ఉంటరు మనుషులు. గా పుస్తకానికి అన్యాయం చేసిన. కొట్టేసి మల్ల రాస్త."

రాసిన మాట తప్పని తెలిసి దిద్దుకోవడానికి భోజనం మానుకుని వచ్చిన మనిషి ముందు నేను నిలబడి, ఆ రిజిస్టరు నిండిపోయిందని అబద్ధం చెప్పాను. సగం కూడా నిండలేదని రాసిన మనిషికి తెలియదా? ఆమె బల్ల మీద ఉన్న కొత్తది తిప్పింది. పాత తారీఖులు చూసింది. పంతుళ్ల సంతకాలు చూసింది.

"మొన్న మైకుల మీ మాట విన్న సార్. మంచిగ మాట్లాడిండ్రు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికాను, దొరకలేదు. తర్వాత కలం తీసుకుని, పైనున్న వాక్యం చూస్తూ దాని కింద "గ్రంథాలయం చాలా బాగున్నది" అని రాసి సంతకం పెట్టింది. హారను మోగింది, పోయింది.

మరునాడే శెట్టి దుకాణానికి పరుగెత్తాను. "గవి ఇంకేడున్నయి సార్, పొట్లాలు కట్టి ఇచ్చేసినం" అన్నాడు. ఆమె అభిప్రాయాలు ఏ ఇళ్లకు పోయాయో, చింతపండుతో పోయాయో చక్కెరతో పోయాయో.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. నేను గ్రంథాలయానికి తాళం వేశాను, బస్సులు ఆగిపోయాయి. నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు ద్వాలి నాకు అన్నం వడ్డించింది. నిజం చెప్పేశాను. నేనే తీసేశాను, భయపడి తీసేశాను అన్నాను. నాలుగు తిట్లు తిట్టినా నాకు అన్నం సహించేది.

"నాకెరుకే సార్. మీ నౌకరి మీకు ఉండాలె గదా" అంది. "జర చారు పోయమంటరా?"

సమ్మె ముగిసి బస్సులు తిరిగాయి. ఆమె రావడం మానలేదు. పుస్తకాలు తీసుకుంటూనే ఉంది. ప్రతిసారీ అడిగేవాణ్ణి, ఎట్లుందమ్మా అని. "బాగుంది సార్." మరీ చెత్త నవలలని నాకు తెలిసినవి కావాలని ఇచ్చి చూశాను. "బాగుంది సార్." ఒకసారి కోపం వచ్చి, బాగలేదు గదా, నిజం చెప్పు అన్నాను. "మీరు ఇచ్చింది బాగలేకుంట ఉంటదా" అని నవ్వింది. ఆ నవ్వులో గౌరవమే ఉంది. ఆ గౌరవం నాకు అక్కర్లేదు. నాకు ఎవరింటి చెంచా అని అడిగిన మనిషి కావాలి. ఆ మనిషి రోజూ మధ్యాహ్నం నా ఎదుటికి వస్తూనే ఉంది, ఆమె మీద బెంగ పెట్టుకుని నేను ఇటు కూర్చునేవాణ్ణి.

2013లో భూపాలపల్లికి బదిలీ అయింది. మరుసటి ఏడు రాష్ట్రం వచ్చింది, మిఠాయిలు పంచాను. చెల్పూర్ విద్యుత్కేంద్రంలో పనిచేసేవాళ్ల కుటుంబాలు పుస్తకాలకు వచ్చేవి. అక్కడ ఐదో రిజిస్టరు మొదటి పేజీలో, పుస్తకం నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, ఈ పేజీలు ఎవరూ తీసేయరు అని నా చేత్తో రాసి పెట్టాను. రిటైరయ్యే దాకా అందులో నూటికి నూరు మందీ గ్రంథాలయం చాలా బాగున్నదనే రాశారు. వాళ్ల తప్పేమీ లేదు. మాట ఇచ్చినంత మాత్రాన ఎవరు నమ్ముతారు?

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పదగింది ఇంతే. పుస్తకం పోతే వెల వసూలు చేసి ఇంకొకటి తెప్పించడానికి నిబంధన ఉంది. పాఠకుడు నిజం చెప్పడం మానేస్తే ఏం చేయాలో నిబంధనల్లో లేదు. అందుకని నిజం చెప్పే పాఠకుడు ఒక్కడు దొరికినా, తనిఖీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ద్వాలి ఇంకా డ్యూటీలోనే ఉందని విన్నాను. ఈ వ్యాసం అచ్చయితే ఒక ప్రతి పంపుతాను. బాగలేదని ఆమె కబురు పెడితే, అది నాకు చాలు.