దమ్ము వస్తుందన్న మాటకు అర్థం

ఇప్పటిదాకా నేను చెప్పింది ఎవరూ వినిపించుకోలేదు. శిక్షణ కేంద్రంలో చెప్పాను. మాకు పని నేర్పిన సార్‌కు ఫోన్లో చెప్పాను, ఎదురుపడితే దారికి అడ్డం నిలబడి చెప్పాను. "ఇంకా అక్కడే ఉన్నావా?" అని ఆయన నవ్వారు. అవును, అక్కడే ఉన్నాను.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు నేను సూరత్‌లో అంబులెన్సు పని నేర్చుకుంటున్నాను. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన ఇంట్లో పుట్టి, మగ్గం వద్దనుకున్నవాణ్ణి. తరగతిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. నేను వాళ్లకు 'మద్రాసీ'. మద్రాసు ఎటువైపుందో నాకే తెలియదన్నా వినరు. ఊపిరి ఊదడం నేర్పే బొమ్మ దగ్గర నా వంతు వస్తే, "ఏ మద్రాసీ, హిందీలో ఊదు, బొమ్మకు నీ భాష రాదు" అని వెనకనుంచి ఒకడు అరిచేవాడు. సార్ కూడా నవ్వేవారు. అదీ నేను మరిచిపోలేదు.

పాఠాలు సగంలో ఆపేసి మమ్మల్ని బండెక్కించారు. ఒక మధ్యాహ్నం పాండేసరలో ఒకే గల్లీ నుంచి ఇద్దరి కోసం పిలుపు వచ్చింది. ఒకాయనది కిరాణా కొట్టు, మెట్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు. రెండో ఆయన మా కరీంనగర్ వైపు మనిషి, రంగుల మిల్లులో పని. గది ముందు మంచం మీద ఉన్నాడు. బండిలో ఆక్సిజన్ ఒక్కరికే సరిపోయేంత ఉంది.

సార్ ఆ మిల్లు మనిషి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టారు. గోళ్లకు మిల్లు నీలం రంగు పట్టేసి ఉంది, దాంతో అంకె రాలేదు. వేలు మార్చినా రాలేదు. "సాంస్ ఆ రహీ హై?" అని అడిగారు, ఊపిరి ఆడుతోందా అని.

"దమ్ ఆ రహా హై సాబ్," అన్నాడాయన. "బహుత్ ఆ రహా హై."

మా వైపు ఆయాసపడే మనిషి 'దమ్ము వస్తున్నది' అంటాడు. ఆయన దాన్నే మాటకు మాట హిందీ చేశాడు. హిందీలో అది 'ఊపిరి బాగా వస్తోంది' అయి కూర్చుంది.

"ఈయన ఆగగలడు. ముందు కొట్టాయన్ని ఎక్కించండి," అన్నారు సార్.

"సార్, ఆయాసం అంటున్నాడు. మా భాషలో ఆ మాటకు..."

"నువ్వు నేర్చుకోవడానికి వచ్చావా, నాకు నేర్పడానికా? స్ట్రెచర్ పట్టు, మద్రాసీ."

పట్టాను. మిల్లు మనిషి భార్య నా వెంటే వచ్చింది. "బిడ్డా, నువ్వు మనోనివే గదా? గిట్ల ఇడిసిపెట్టి పోతుండ్రేంది? మీ సార్‌కు జర సమజ్ జేసి చెప్పరాదు?"

"చెప్పిన పెద్దమ్మా, ఇంటలేడు. జల్ది మళ్లొస్తం."

మంచం మీదినుంచి ఆయనే ఆమెను కసిరాడు. "ఊకో... నేను చెప్పిన గద... హిందీల..." మాట మాటకూ ఆగుతూ. తన హిందీ మీద ఆయనకు అంత నమ్మకం.

మేము తిరిగి వచ్చేసరికి దుప్పటి తలదాకా కప్పి ఉంది. నీలం గోళ్ల చెయ్యి ఒక్కటే బయటికి వేలాడుతోంది. ఆమె ఏడవలేదు. "ఈన చెప్పిండు గద బిడ్డా. మీ సార్‌కు ఇనవడలేదా?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత తరగతిలో సార్ మళ్లీ అదే పాఠం చెప్పారు: ఊపిరి ఆడుతోందా అని రోగినే అడగాలి. నేను చెయ్యెత్తాను. కూర్చోమన్నారు. బయట ఆపి అడిగితే, "ఏ కేసు? అప్పుడు ఎన్ని చూడలేదు!" అన్నారు.

ఇప్పుడు నేను బండి మీదే పని చేస్తున్నాను. ఎవరి వేలు పట్టుకున్నా ముందు గోళ్లు చూస్తాను. ఊపిరి ఆడుతోందా అని అడగబోయి ఆగిపోతాను, ఆ జవాబే మళ్లీ వస్తుందేమోనని. మా అమ్మ మెట్లెక్కి వచ్చి "దమ్మస్తుంది బిడ్డా" అన్నా ఉలిక్కిపడి లేచి నిలబడతాను. పెద్దమ్మ ఇంకా ఆ గల్లీలోనే ఉంది. కనబడినప్పుడల్లా అదే మాట అడుగుతుంది.

సార్, ఆమెకు నేను ఏం చెప్పాలి? ఆ రోజు నా మాట మీకు వినబడిందా, లేదా? ఆ ఆక్సిజన్ ఆయనకు పెట్టి ఉంటే బతికేవాడా? బతికేవాడు కాదంటే, ఆ మాటే చెప్పండి. ఏదో ఒకటి, మీ నోటితో చెప్పండి.