కుండ మెడకు రంగు

కొత్త కుండలో మొదటిసారి నీళ్ళు పోస్తే మట్టి ఆ నీటిని పీల్చుకుంటూ ఒక వాసన వదులుతుంది. ఈ వేసవిలో వెంకటాచలం ఊరి దగ్గర రోడ్డు పక్కన కుండ కొని తెచ్చి, వంటింట్లో నీళ్ళు పోయగానే ఆ వాసన ముఖానికి కొట్టింది. కరుణమ్మ గారు పక్కనే నిలబడి ఉన్నట్టు అనిపించింది.

పెళ్ళయి మనుబోలు నుంచి నెల్లూరు వచ్చిన కొత్తలో మేం అద్దెకు దిగిన ఇల్లు ఆవిడది. నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లల్లేరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు మొక్కలు, ఎండాకాలం వస్తే కుండలు. గేటుకు వేయగా మిగిలిన రంగు డబ్బాలు దాచుకుని, కొన్న ప్రతి కుండకూ వరండాలో కూర్చుని బొమ్మలు వేసేవారు. ఎంత ఇష్టంగా వేసేవారో అంత అధ్వానంగా వేసేవారు. మొదటిసారి చూసినప్పుడు మర్యాద కోసం, “కోడిపుంజు బాగుందాంటీ,” అన్నాను.

“నెమలి మే అది,” అన్నారు కళ్ళజోడు పైకి తోసుకుంటూ. తర్వాత తనే పరీక్షగా చూసి పగలబడి నవ్వారు. “కోడే అనుకో పో. దానికేమన్నా కోపమొస్తాదా?”

మన తప్పుకి మనమే అలా నవ్వుకోవచ్చని నాకు తెలియదు. బాగా వచ్చిన పనే నలుగురిలో చెయ్యాలని, రాని పని జోలికి పోకూడదని పెరిగినదాన్ని. ఆవిడ బ్రష్ అందిస్తే, “నాకు రాదాంటీ,” అని చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“నాకు మాత్రం వచ్చా ఏంది? వచ్చిందాకా ఆగితే ఎండాకాలం పోతాది. కూచో.”

కూర్చున్నాను. ఉత్సాహం కొద్దీ కుండంతా ఆకుపచ్చ పూయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. “మెడ చుట్టూ వేసుకో, చాలు. కడుపు మీద పూస్తే దానికి చెమట పట్టదు. చెమట పట్టకపోతే నీళ్ళు చల్లబడవు.” నేను వేసిన తీగ ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా మెడ చుట్టూ తిరిగి, మొదలు దగ్గరికొచ్చి కలవనే లేదు. కలవని చోట ఆవిడ ఒక ఎర్ర చుక్క పెట్టి, ఆ కుండని మా వంటింట్లోనే పెట్టించారు. సాయంత్రం మా ఆయన అందులో నీళ్ళు తాగి, బొమ్మ ఊసే ఎత్తకుండా ఇంకో గ్లాసు అడిగారు.

కొన్నాళ్ళకు మనుబోలులో మా చెల్లి సుజాత పెళ్ళి. ముందురోజే కరుణమ్మ గారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. పెళ్ళిపీటల దగ్గర పెట్టాల్సిన అరివేణి కుండలు, రంగులేసి సిద్ధం చేసినవి, ఆటోలో వస్తూ పగిలిపోయాయి. ఊళ్ళో దొరికినవి రంగు లేని కుండలే. తెల్లవారితే ముహూర్తం. అమ్మ వాటి ముందు కూలబడింది. “మగపెళ్ళివాళ్ళ ముందు తలెత్తుకునేదెట్లా?”

“సున్నం, పసుపు, కుంకుమ తెప్పించండి. ఇంట్లోనే వేద్దాం,” అన్నారు కరుణమ్మ గారు, కొంగు దోపుకుంటూ.

వెనక నుంచి మా పెద్దమ్మ గొంతు వినిపించింది. “చర్చికి పోయే మనిషి అరివేణి కుండలు ముట్టుకుంటే ఎట్లా?”

కరుణమ్మ గారి ముఖం ఒక్క క్షణం వాడింది. పుల్లకు గుడ్డ చుట్టి నా చేతిలో పెట్టి, “నువ్వెయ్యి మే. నేను పక్కన కూచుంటా,” అన్నారు.

చుట్టాలంతా చూస్తుండగా మొదటి గీత గీశాను. సున్నం పక్కకు పోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. “తిప్పు. కుండని తిప్పు,” అన్నారావిడ మెల్లగా. తిప్పాను. రెండో కుండ సగంలో ఉండగా అమ్మ వచ్చి మా పక్కన కూర్చుంది. ఇంకో కుండ తీసి కరుణమ్మ గారి ఒళ్ళో పెట్టింది.

“మీరూ ఒకటి పట్టండి వదినా. ఇది మీ ఇంటి పెళ్ళి కాదా?”

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ ఆ నెమలినే వేశారు. మర్నాడు పీటల మీద కూర్చున్న సుజాత ఆ పక్షిని చూసి, నవ్వాపుకోలేక తల వంచుకుంది. పిల్ల సిగ్గుపడుతోందని మగపెళ్ళివాళ్ళు మురిసిపోయారు.

పోయిన సంవత్సరం కరుణమ్మ గారు జబ్బుచేసి పోయారు. ఆవిడ జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకు వెళ్ళాను. ఆవిడ గురించి ఎవరైనా మాట్లాడతారా అని పాస్టరు గారు అడిగారు. ఆ హాల్లో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఏం చెప్పాలో అనుకోను కూడా లేదు. అయినా లేచి మైకు అందుకున్నాను. మాటలు తడబడ్డాయి, చెప్పిందే మళ్ళీ చెప్పాను, మధ్యలో ఏడుపొచ్చి ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను.

కొత్త పని ముందు నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ దడ పోలేదు. అది పోయేదాకా ఆగడం మాత్రం మానేశాను.