పలావర్ పాకలో లోర్పు

పలావర్ అనే మాటను మా లైబీరియా తీరానికి మోసుకొచ్చినవాళ్ళు పోర్చుగీసు ఓడవాళ్ళు. వాళ్ళ భాషలో దానికి ఉత్త ‘మాట’ అనే అర్థం. బేరాల దగ్గరా తగువుల దగ్గరా మావాళ్ళ నోళ్ళలో నాని అది పంచాయితీ అయింది. ఇంగ్లీషు నావికులు దాన్ని తమ ఊళ్ళకు పట్టుకెళ్ళి పనికిమాలిన హడావిడికి పేరు పెట్టుకున్నారు. వాళ్ళలో ఒక్కడైనా ఆ పొద్దున లోర్పు పక్కన కూర్చుని ఉంటే ఆ పని చేసేవాడు కాదు.

లోర్పు నోరులేని మనిషి. ఆమెకు ఏడేళ్ళప్పుడు ఇలాంటి పలావర్‌లోనే తండ్రిని ఊరినుంచి వెళ్ళగొట్టారు. అప్పటినుంచి పంచాయితీ పాక కనబడితే చాలు, గుండె గుభేలుమనేది. పెళ్ళయింది, భర్త పోయాడు, యాభై దాటాయి. ఎవరేమన్నా దిగమింగుకుంటూ బతుకు నెట్టుకొచ్చింది.

వరి చల్లేముందు, కొట్టేసిన పొదలకు మేము నిప్పుపెడతాం. అంతకుముందు పక్కచేలవాళ్ళకు వినబడేలా మూడుసార్లు కేకెయ్యాలి. పక్కచేను తోక్పా నోటిదురుసు మనిషి. కేక వింటే కయ్యానికొస్తాడని జడిసి, లోర్పు గొంతులోనే గొణిగి నిప్పుపెట్టింది. గాలి తిరిగింది. తోక్పా ధాన్యపు కొట్టు విత్తనాలతో సహా బూడిదైంది.

ఇప్పుడు ఊరంతా పాకలో ఉంది. ఊరు పొమ్మంటే ఆమెకు మరో చోటు లేదు.

“కేకేశావామ్మా?” అడిగాడు ఊరిపెద్ద.

వేశానంటే కాదనే సాక్షి లేడు. అది లోర్పుకూ తెలుసు.

“లేదు పెద్దయ్యా. భయమేసింది.”

“దేనికి?”

“దీనికే. ఈ పాకకే.”

ఎవరూ నవ్వలేదు. ఆమె తోక్పా ముందు మన్నింపు కోరే కోలాకాయలు పెట్టి, మా ఆనవాయితీ ప్రకారం అతని కాలు పట్టుకుంది. క్షమించినవాడు చెయ్యిపట్టి లేపాలి. తోక్పా లేపలేదు. ఇక తన పని అయిపోయిందనుకుంది లోర్పు.

“కడుపులో ఇంకేమైనా ఉంటే కక్కెయ్యరా,” అన్నాడు పెద్ద.

“పోయినేడు ఈ అక్క బెండతోట తగలబడిందే, అది నా నిప్పే,” అన్నాడు తోక్పా. “నేనూ కేకెయ్యలేదు.”

“నాకు తెలుసు,” అంది లోర్పు, కాలు వదలకుండానే.

“తెలిసీ పంచాయితీకి మమ్మల్ని పిలవలేదా?” అడిగాడు పెద్ద.

ఆమె తల దించుకుంది. పెద్దాయన తోక్పావైపు తిరిగాడు.

“తోక్పా, అక్కను లేపి నువ్వు కింద కూర్చో. అమ్మా, ఇప్పుడు నీ ఫిర్యాదు చెప్పు.”

అందరి కళ్ళూ లోర్పువైపు తిరిగాయి. ఒకసారి నోరు తెరిస్తే మాట రాలేదు. మళ్ళీ తెరిచింది.

“నా బెండతోట,” అంది. భయం పోలేదు. అయినా చెప్పుకుపోయింది.