కావలివాడికి రాయని నిబంధన

1963 నవంబరు 5, మంగళవారం. క్యాంపు దొరవారిసత్రానికి తూర్పున, పులికాటు వైపు. నాలుగో రోజూ వానే. హాజరు: సర్వేయరుగారు, పటాలు గీసే మా బావ, చైన్‌మ్యాన్ అన్న, నేను.

నా డైరీలో ఈ పేజీని నేను అరవై ఏళ్లుగా చదవకుండా తిప్పేస్తూ వచ్చాను. మొన్న ఆదివారం మా మనవరాలు ముగ్గురు స్నేహితులను పిలిచి భోజనాల బల్ల మీద ఒక ఆట పరిచింది. ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ, ఒకడు రాకుమారుడు, మా పిల్ల డాలు పట్టి వాళ్లను కాచే మనిషి; రాక్షసులతో యుద్ధం, ఎవరి దెబ్బ తగిలిందో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఒక రాక్షసుడు మా పిల్లను వదిలి వెనకనున్న దొంగ మీదికి తిరగగానే, తన ముందునుంచి పక్కకు తిరిగాడు కనుక తనకొక దెబ్బ కొట్టే వంతు వస్తుందని చెప్పి పాచిక వేసింది. ఎవరూ కాదనలేదు. నేను ఆ పుస్తకం అడిగి తీసుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఆ నిబంధన రెండుసార్లు చదివాను. అచ్చులో ఉంది. లేచి గదిలోకి వెళ్లి బీరువాలోంచి ఈ డైరీ తీశాను.

ఆ రోజుల్లో మా పక్క నవంబరు వానలంటే ఏమిటో నా వయసువాళ్లకు చెప్పనక్కరలేదు. వాన పట్టిందంటే పొలాల్లో కొలత గొలుసు పరవడానికి వీల్లేక నలుగురం ఒక పెంకుల షెడ్డులో కూర్చుండిపోయేవాళ్లం. నాకు ఇరవై రెండేళ్లు, కొలతలు పుస్తకంలోకి ఎక్కించే పని, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పొద్దుపోక ఒక ఆట కల్పించుకున్నాం. పాడైన పటం వెనకవైపు మా బావ ఒక కోట గీశాడు. ఆ గొలుసు మోసే చైన్‌మ్యాన్ అన్న తాటిమట్ట చెక్కి బొమ్మలు చేశాడు. చిల్లకూరు దగ్గర పల్లె ఆయనది, పొద్దున్నే బైబిలు చదువుకుని గానీ పనిలోకి దిగడు, మా అందరికంటే పెద్దవాడు, పిలుపుకే అన్న. నిబంధనలు ఒక నోటుపుస్తకంలో రాసింది నేను. తగవు వస్తే తుది మాట కూడా నాదేనని అందరూ ఒప్పుకున్నారు.

రాజు సర్వేయరుగారు, అది అడగాల్సిన పనే లేదు. మాంత్రికుడు మా బావ. రాక్షసులను నేను నడిపేవాణ్ణి. కావలివాడి బొమ్మను అడగకుండానే అన్న ముందు పెట్టారు. ప్రాణానికి తలా పది చింతగింజలు, దెబ్బకు ఆరు గవ్వలు. నాలుగో అంతకు ఎక్కువో వెల్లకిలా పడితే దెబ్బ తగిలినట్టు, ఒక గింజ పోయినట్టు. కావలివాడు పక్కవాడి మీద పడే దెబ్బను ‘తన ఇష్టం మీద’ డాలుతో తన మీదికి తీసుకోవచ్చు, తీసుకుంటే ఆ వంతుకు తాను కొట్టరాదు. ఈ నిబంధన రాసినందుకు నాకెంత గర్వంగా ఉండేదో!

అది ఎంత వాటమైనదో రాజుకూ మాంత్రికుడికీ మొదటిరోజే తెలిసిపోయింది. ఇద్దరూ కావలివాణ్ణి అంటిపెట్టుకుని నిలబడేవాళ్లు. మూడు రోజులు అన్న దెబ్బలు కాయడమే గానీ ఒక్క దెబ్బ కొట్టింది లేదు, ఒక్క ఆటా చివరిదాకా చూసింది లేదు. చచ్చినవాడికి పటం దగ్గర పనేముంది, లేచి పొయ్యి రాజేసేవాడు. యుద్ధం ముదిరే వేళకు మాకు టీ వచ్చేది. కావలివాడు చస్తేగానీ టీ రాదని సర్వేయరుగారు అంటే నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

ఆ మంగళవారం ఆట చివరికొచ్చేసరికి అన్న బతికే ఉన్నాడు, ఒక్క గింజతో. ఎదురుగా రాక్షస సేనాపతికీ ఒక్కటే మిగిలింది. నేను సేనాపతిని అన్న ముందునుంచి రాజు మీదికి తిప్పాను. అన్న గవ్వలు చేతిలోకి తీసుకున్నాడు.

“అయ్యా, వాడు నాకు వీపు చూపించి మీ మీదికి తిరిగినాడు. బల్లెం నా చేతిలోనే ఉండాది. ఒక్క పోటు నాకు ఇయ్యాల గదా.”

“కావిలోడు తన్నులు తినాలగానీ తన్నేదేందిరా?” అన్నారు సర్వేయరుగారు. “వాణ్ణి నువ్వే పొడిచేస్తే ఇంక రాజెందుకు, గొలుసు మోసేదానికా?”

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్న నా వైపు తిరిగాడు.

“మీరు చెప్పండయ్యా. పుస్తకం మీ చేతిలోనే ఉండాదే. నాలుగు దినాలుగా తింటా ఉండా. ఒక్కటి కొడితే ఆట చెడిపోద్దా?”

చెడిపోదు. ఆ ఆటకు ఉన్న లోటే అది, ఆయన అడగగానే నాకు తెలిసింది. శత్రువు భయం లేకుండా వీపు చూపించి పోగలిగితే వాడి ముందున్నది కావలివాడు కాదు, గోడ. కలం మూత తీశాను కూడా. కానీ నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం సర్వేయరుగారి సంచిలో ఉంది, ఆ నెలలోనే సంతకం కావాలి. పుస్తకంలో అలా రాసి లేదన్నాను. రాయాల్సింది నేనేనని నాకు తెలియనట్టు!

అంతలో సర్వేయరుగారు కావలివాడి బొమ్మను రెండు వేళ్లతో ఎత్తి రాజు ముందు పెట్టి, కావలివాడు అడ్డం పడ్డాడంటూ నన్ను గవ్వలు వెయ్యమన్నారు. ‘తన ఇష్టం మీద’ అన్న మాటలు నా దస్తూరీతో నా అరచేతి కిందే ఉన్నాయి. గవ్వలు వేశాను. ఐదు వెల్లకిలా పడ్డాయి. అన్న తన ఆఖరి గింజను తానే తీసి డబ్బాలో వేశాడు. తరువాతి వంతుకే రాజు సేనాపతిని పొడిచి, గెలిచానని తొడ చరిచి, టీ అడిగాడు.

ఆ రోజు నేను రాసుకున్నది ఇది: ‘కావలివాని కోరిక నిబంధనలలో లేదు గనుక అంగీకరింపబడలేదు. రాజు గెలిచెను. టీ బాగున్నది.’ డైరీల్లో ఇన్నేళ్ల ఎండా వానా దాచుకున్నాను గానీ, ఈ మూడు వాక్యాలు వచ్చిన చోట మాత్రం పేజీ తిప్పేసేవాణ్ణి. సర్వేయరుగారిది చిల్లరబుద్ధి, సరే. పుస్తకం ఆయన చేతిలో లేదు.

మా మనవరాలి బల్ల దగ్గర ఎవరి ఉద్యోగమూ ఎవరి సంచిలోనూ లేదు. టీ కావాల్సి వచ్చినప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లింది రాకుమారుడు. అన్న నోరు తెరిచి అడిగిన ఆ ఒక్క పోటు ఇప్పుడు అడగకుండానే వస్తుంది, ఆయన లేడు. వచ్చే ఆదివారం నన్నూ కూర్చోమంది మా పిల్ల, డాలు పట్టుకోమంది.

ఆ ఆట జరిగిన మర్నాడు ఉదయం వాన వెలిసింది. నేను లేచేసరికి అన్న బైబిలు చదవడం ముగించి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. పెట్టెలో బొమ్మలన్నీ వరసగా సర్ది ఉన్నాయి, కావలివాడు లేడు. పొయ్యి దగ్గరికి వెళ్లాను. టీ గిన్నె కింద కావలివాడి డాలు అప్పటికే బూడిదైంది, బల్లెం మొన ఇంకా ఎర్రగా ఉంది. అన్న నా ముఖంలోకి చూడలేదు. గ్లాసు నిండా పోసి, వేడిగా ఉండాది, చూసుకోండయ్యా అన్నాడు.

తాగాను.