మొదటి ముక్క

మెక్సికో సరిహద్దును ఆనుకున్న అమెరికా ఊరు ఎల్ పాసోలో మా వీధి గోడల్లో సగం మా ఫెర్మీన్ బాబాయి కట్టినవే. వేలు చితికితే గుడ్డ చుట్టుకుని పని చేసుకుపోయే మేస్త్రీ ఆయన. మా వీధిలో మగతనం అంటే అదే. మా నాన్న లాసరో కూడా అలాంటివాడే. విరేచనంలో నెత్తురు పడుతున్నా ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి పేగులోని క్యాన్సర్ కాలేయం దాకా పాకింది. సమాధి దగ్గర అందరూ "మగాడిలా భరించాడు" అని మెచ్చుకున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

అన్నకొచ్చిన జబ్బు తమ్ముడికీ రావచ్చని, పేగు పరీక్ష చేయించుకోమని డాక్టరు బాబాయికి చెప్పాడు. బాబాయి ఏళ్ళ తరబడి దాటవేశాడు. చివరికి ఆయన భార్య, మా పిన్ని, "నువ్వూ పోతే నీ ట్రక్కు అమ్మేసి ఆ డబ్బుతో మళ్ళీ పెళ్ళి చేసుకుంటా" అన్నాక ఒప్పుకున్నాడు. బయటికి పొక్కకూడదని మా ఇద్దరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడు. పరీక్ష సోమవారం పొద్దున్నకి ఖాయం చేసుకున్నాడు. ముందురోజంతా తేట రసాలు తాగడమే తప్ప ఏమీ తినకూడదని తెలుసు. ఆ ముందురోజు ఆదివారమన్న సంగతే తట్టలేదు.

ఆదివారమంటే బాబాయి పెరట్లో బొగ్గుల మీద మాంసం. పట్టకారు ఆయన చేతిలోనే ఉంటుంది. మొదటి ముక్క ఆయన నమిలి, తల ఊపితేనే మిగతావాళ్ళు తింటారు. మానేస్తే ఎందుకని అడుగుతారు. అందుకని బీరు గ్లాసులో ఆపిల్ రసం పోసుకుని కుంపటి ముందు నిలబడ్డాడు.

ముక్క కాలింది. బాబాయి కొడుక్కి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడి ఆయనకి 'కొంపాద్రే' అయిన ఎవారిస్తో, తోటి మేస్త్రీ తాచో రొట్టెలు పట్టుకుని చూస్తున్నారు. బాబాయి ముక్కను పెదాల దాకా తెచ్చాడు. తింటే పరీక్ష ఆగిపోతుంది, ఇంకోసారి ఒప్పుకోడు. నేను నోరు తెరవబోయాను. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

బాబాయి ముక్కను ఎవారిస్తో రొట్టెలో వేశాడు.

"నువ్వు చూడు, కొంపాద్రే."

"ఏం, విషం కలిపావా?"

"రేపు నా పేగులోకి గొట్టం పెట్టి చూస్తారు. ఇవాళ తినకూడదు."

బొగ్గులు చిటపటలాడాయి.

"గొట్టం ఎక్కణ్ణుంచి పెడతారు?" తాచో అడిగాడు.

"నోట్లోంచైతే కాదు."

"అయితే రేపటినుంచి నిన్ను వదినా అని పిలవాలా?"

అందరూ పగలబడి నవ్వారు. బాబాయి ముక్కలు తిరగేస్తూనే అన్నాడు:

"పిలువు. మా అన్న నోరు మూసుకుని మగాడిలా పోయాడు. నేను వదిననై బతుకుతా. నీకేం బాధ?"

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎవారిస్తో ముక్క నమిలి, "ఉప్పు తగ్గింది, వదినా" అన్నాడు. అప్పుడు బాబాయే ముందు నవ్వాడు.

మర్నాడు చిన్న కణుతులు రెండు కనిపిస్తే అక్కడికక్కడే తీసేశారు. భయపడాల్సిందేమీ లేదన్నారు. మత్తు దిగకపోవడంతో ట్రక్కు నేను నడపాల్సి వచ్చింది. పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా నేను గేర్లు మార్చే తీరును తిట్టాడు. ఆ తిట్లు నాకెంతో హాయిగా వినిపించాయి.

తర్వాతి ఆదివారం తాచో ఐసు తేవడానికి వెళ్ళినప్పుడు ఎవారిస్తో కుంపటి దగ్గరికి జరిగాడు.

"పరీక్షకి ముందు కడుపు కడగడానికి తాగిస్తారట, ఆ మందు ఎలా ఉంటుంది, కొంపాద్రే?"

"నిమ్మకాయ పిండిన ఉప్పునీళ్ళు."

"నొప్పి?"

"నిద్రపోతావు."

ఎవారిస్తో గొంతు తగ్గించాడు. "ఏ రోజు మంచిది?"

"సోమవారం మాత్రం వద్దు," అని బాబాయి మొదటి ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ రోజు చాలాసేపు నమిలాడు. మేమంతా రొట్టెలు పట్టుకుని నిలబడ్డాం.