ముత్యానికి సోమవారమే ఎందుకు జబ్బు చేసేది?

1998లో నేను బోధన్ వైపు ఒక చెరుకు ఊళ్లో పశువుల డాక్టర్‌ని. ఊరి పేరు రాయను, ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. మా దగ్గరికి వచ్చేవన్నీ బర్రెలు, మేకలు, చెరుకు బండ్లు లాగి మెడలు పుండ్లు పడ్డ ఎడ్లు. పిల్లిని చూపించడానికి ఏడాదికి ఒక మనిషి వస్తే గొప్ప. నిజం చెప్పాలంటే, కాలేజీలో నేను పిల్లుల గురించి చదివింది కూడా అంతంతమాత్రమే.

అయితే అనుమానపడటం మాత్రం బాగా వచ్చు. ఆ ప్రాంతంలో పనిచేసేవాడికి అది దానంతటదే అబ్బుతుంది. చెరుకు తోటల్లో ఎలుకలు ఎక్కువ, వాటికోసం జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లటి పొడిని ప్రతి ఇంట్లో దాచుకునేవారు. గట్టు తగాదా వచ్చిందంటే ఆ పొడి ఎదుటివాడి బర్రె కుడితిలో తేలేది. చచ్చిన బర్రె కడుపు కోసి, ముక్కలు సీసాలో పెట్టి, సీలు వేసి ల్యాబుకు పంపడం నా పని. వీటిని వెటరో-లీగల్ కేసులంటారు, అంటే పోలీసుల దాకా పోయే పశువుల కేసులు. అలాంటివి చూసీ చూసీ, ఏ పశువు వాంతి చేసుకున్నా నేను ముందు దాని నోటి దగ్గర ముక్కు పెట్టేవాణ్ణి. ఆ పొడి తిన్న పశువు నోరు వెల్లుల్లి వాసన కొడుతుంది.

శ్రావణంలో ఒక సోమవారం సునందమ్మగారు వెదురుబుట్టలో పిల్లిని తెచ్చారు. మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. చర్చి వెనక వీధిలో ఒక్కరే ఉంటారు. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలిచేవారు. బుట్టలోంచి తీసిన తెల్ల పిల్లి పేరు ముత్యం. ఆరేళ్లది. చేత్తో పట్టుకుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటీ తగులుతున్నాయి.

"ఆర్నెల్ల సంది గిట్లనే ఉంది డాక్టర్ సాబ్. తింటది, కక్కుతది. ఒక్కోసారి నీళ్లలెక్క పారుతది. నాల్గు దినాలు మంచిగుంటది, మల్ల మొదలు" అన్నారామె.

నోరు వాసన చూశాను. వెల్లుల్లి లేదు. నులిపురుగుల మందు ఇచ్చాను. తర్వాత మెట్రోనిడజోల్ ఇచ్చాను. అది విరేచనాలకు ఇచ్చే మాత్ర, పరమ చేదు. మాత్ర నోట్లో పడగానే ముత్యం బుసబుసా నురగ కక్కింది. "యేసయ్యా!" అంటూ సిస్టరమ్మ బెంచీ మీద కూలబడ్డారు. చేదుకు కక్కిందని చెప్పి ఓదార్చాను గానీ, ఆ నురగ ఆమె మనసులో ఉండిపోయింది. నా మనసులోనూ ఉండిపోయింది.

నెలన్నర తర్వాత మూడోసారి వచ్చినప్పుడు నేనే అడిగాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "సిస్టరమ్మా, మీ ఇంట్లో పిల్లికి ఎవరైనా ఏమైనా పెడుతున్నారా?"

ఆమె గొంతు తగ్గించి చెప్పారు. ఇంట్లో పనిచేసే పోచవ్వ పన్నెండేళ్లుగా ఉంటోంది. చందూర్ మనిషి, అరవైకి దగ్గర పడింది. శనివారం సాయంత్రం ఊరికి పోయి సోమవారం పొద్దున వస్తుంది. నిరుడు ముత్యం ఆమె కోడిపిల్లల్ని ఐదింటిని తినేసింది. ఆ రోజు పోచవ్వ వాకిట్లో నిలబడి, "నీ కడుపుల మన్నువడ, నీ పేగులు మాడిపోను" అని పిల్లిని తిట్టి పోసిందట.

"గప్పటి సంది అది పిల్లి గిన్నెను నా ముందట పెట్టదు. పెరట్లకు తీస్కపోతది. కొంగుల ఏదో పొట్లం కట్టుకొని వస్తది. ఏందే అంటే, ఏం లేదమ్మా అంటది."

మా అసిస్టెంట్ యాదగిరి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, ఆస్పత్రిలో నాకంటే ముందునుంచీ ఉన్నవాడు. రిజిస్టరు తీసి నా ముందు పెట్టాడు. "సూడుండ్రి సార్. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లు సోమారమే. గా ముసల్ది ఊరికెల్లి వచ్చేది ఎప్పుడు? సోమారం పొద్దుగాల. ఇగ సెప్పేదేముంది?"

నాకూ అంతా ఒక్కసారి కుదిరినట్టు అనిపించింది. కోపానికి కారణం ఉంది, పొట్లం ఉంది, చాటుగా పెట్టడం ఉంది, వారం కూడా కలిసింది. పోలీసు పంచనామాల్లో ఇంతకంటే తక్కువ సాక్ష్యంతో నేను సంతకాలు పెట్టాను. వాసన లేదుగదా అని ఒక మూల అనిపించింది. కొంచెం కొంచెం పెడుతోందేమో, అందుకే తెలియడం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"పదిహేను రోజులు గిన్నె మీ చేతిలోనే ఉండాలి. ఇంకెవరూ ముట్టొద్దు" అని చెప్పి పంపాను.

సిస్టరమ్మ ఆ సాయంత్రమే పోచవ్వను పంపించేశారు. డాక్టరే అన్నాడని చెప్పి మరీ పంపించారు. ఆదివారం ఆరాధన అయ్యేసరికి మాట వీధంతా పాకింది. పిల్లికే మందు పెట్టిన మనిషిని మన వంటింట్లోకి ఎట్ల రానిస్తమని, పోచవ్వ అంట్లు తోమే ఇంకో రెండిళ్లవాళ్లు కూడా మాన్పించారు. ఇదంతా యాదగిరి నాకు ఏదో గెలిచినట్టు చెప్పాడు. నేను కూడా గెలిచినట్టే విన్నాను.

పదో రోజున సిస్టరమ్మ వచ్చారు. ముత్యం తల ఎత్తడం లేదు. వాంతుల్లో రక్తపు చారలు కనిపించాయి. పోచవ్వ లేదు, పొట్లం లేదు, పిల్లి మాత్రం పోయేలా ఉంది.

"గోడ దుంకి వస్తుందేమో సార్" అన్నాడు యాదగిరి.

అరవయ్యేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, పిల్లికి విషం పెట్టడానికి గోడ దూకుతుందట! నవ్వాల్సింది. నేను నవ్వలేదు సరికదా, ఆ సాయంత్రం వాళ్లింటికి పోయి పెరటి గోడ ఎత్తు చూసి వచ్చాను. అనుమానం మనిషిని అంత వెర్రివాణ్ణి చేస్తుంది.

గ్లూకోజు ఎక్కించి ముత్యాన్ని నిలబెట్టాక, హైదరాబాద్‌లో సర్జరీ చెప్పే నా క్లాస్‌మేట్‌కు ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాను. అంతా విని, "ఎనిమిది నెలలు కొలిచి కొలిచి విషం పెట్టేంత ఓపిక ఎవరికుంది రా? దాన్ని పట్టుకొని రా" అని తిట్టాడు. సిస్టరమ్మ ఒళ్లో బుట్టతో బస్సులో పోయాం. వాడు పిల్లికి మత్తిచ్చి, కడుపు కోసి, పేగులో మూడుచోట్ల మెంతిగింజంత ముక్కలు తీశాడు. దీన్ని బయాప్సీ అంటారు, ఆ ముక్కలను మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారు.

రిపోర్టు వచ్చిన రోజు వాడే ఫోన్ చేశాడు. ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన కణాలు ఏ రోగమూ లేకపోయినా పేగు గోడల్లో గుంపుగా చేరిపోతాయి. గోడ దళసరెక్కుతుంది, తిన్నది ఒంటికి పట్టదు. పూర్తిగా పోయే జబ్బు కాదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రతో, సరిపడే తిండితో అదుపులో ఉంచాలి. "సగం వైద్యం తిండే. మధ్యమధ్య నాలుగు రోజులు బాగుండేదన్నావు గదా, అప్పుడు ఏం తినేది?" అని అడిగాడు.

నాకు తెలియదు. సిస్టరమ్మను అడిగితే, "బర్రె పాలల్ల బ్రెడ్డు, మటన్ లివరు. ఆదివారం నేనే దగ్గర కూసొని పొద్దంత తినిపిస్తుంటి. మిగతా దినాలు గిన్నెల పోసి పోచవ్వకిస్తుంటి" అన్నారు. అంటూ అంటూనే ఆదివారం, సోమవారం అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. నర్సు కదా, నాకంటే ముందే అర్థమైనట్టుంది.

మర్నాడు స్కూటర్ మీద చందూర్ పోయాను. క్షమించమని అడగడానికి పోయానని రాస్తే బాగుంటుంది. కానీ నేను పోయింది పిల్లి తిండి గురించి అడగడానికి. ఒక చెరుకు తోటలో కూలికి కలుపు తీస్తున్న పోచవ్వ నన్ను చూసి లేచి నిలబడింది. పక్కవాళ్లు కూడా పని ఆపారు.

"పోలీసోల్లను తెచ్చిన్రా సారూ?" అంది.

"లేదు అవ్వా. పిల్లికి నువ్వేం పెట్టేదానివో అడగడానికి వచ్చిన."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. నా మాట నమ్మాలో వద్దో తేల్చుకుంటున్నట్టు. నన్ను అట్లా అనుమానంగా చూసే హక్కు ఆమెకుంది.

"అమ్మ పాలు పోస్తుండె. పాలు తాగితే దానికి పారుతుండె సారూ. ఎత్తిపోసేది నేనే గద, నాకు తెల్వదా? గందుకే పాలు, లివరు పెరట్ల పారబోసి, చెరువు చేపలు రెండు ఉడకవెట్టి, ముండ్లు తీసి, గంజన్నంల పిసికి పెడుతుంటి. అమ్మకు చేపల వాసన గిట్టది. ముల్లు గుచ్చుకుంటదని ఆమెకు బయం. చెప్తే వద్దంటదని కొంగుల కట్టుకొని తెస్తుంటి. నేనుంటే మంచిగుంటుండె. ఆదివారం నేను లేకుంటే మల్ల పాలు, మల్ల కక్కుడు."

"మరి ఆ తిట్లు?"

"కోడిపిల్లల్ని తింటే తిట్టకుంటే ముద్దు వెట్టుకుంటరా? తిట్టిన. తిట్టి మల్ల నేనే సాకిన."

నేను తల దించుకున్నాను. అప్పుడు అడిగింది, "అందరినీ అడిగిన్రంట గద సారూ. నన్నొక్కదాన్ని ఎందుకు అడగలే?"

"తప్పైంది అవ్వా" అన్నాను, పక్కవాళ్లందరూ వింటుండగానే. అదొక్కటే నేను సరిగా చేసిన పని.

ఆ వారం సిస్టరమ్మ కూడా పోయి బతిమాలారు. ఆదివారం చర్చిలో అందరి ముందు లేచి, తప్పు తనదీ డాక్టరుదీ అని చెప్పారు. అయినా పోచవ్వ ఆ వీధికి తిరిగి రాలేదు. "పిల్లికి ముండ్లు మంచిగ తీసి పెట్టు అమ్మా" అని మాత్రం చెప్పిందట. సిస్టరమ్మ ముక్కుకు కొంగు కట్టుకొని చేపలు ఉడకబెట్టడం నేర్చుకున్నారు. ముత్యం మాత్ర మీద, చేపల అన్నం మీద ఇంకో నాలుగేళ్లు బతికింది.

పశువును ఆస్పత్రికి తెచ్చేది యజమాని. గిన్నె కడిగేది, పేడ ఎత్తేది, ఎప్పుడు తిన్నదో ఎప్పుడు మానిందో చూసేది వేరే మనిషి. ఆ మనిషి మా గడప తొక్కడు, తొక్కినా బయటే నిలబడతాడు. అప్పటినుంచి ఎవరు ఏ పశువును తెచ్చినా నేను ముందు నోరు వాసన చూడటం మానేశాను. "రోజూ దాని కింద శుభ్రం చేసేదెవరు? వాళ్లను లోపలికి పిలవండి" అంటాను. కొందరికి కోపమొస్తుంది, పనిమనిషిని అడుగుతావా అంటారు. అడుగుతాను. చందూర్ చెరుకు తోటలో నన్ను ఒకామె అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.